ట్రైలర్ మూడో యాక్సిల్‌లో ఎడమ టైర్లే ఒక అంచున ఎందుకు అరుగుతున్నాయి?

విశాఖ ట్రైలర్
విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు ఇనుప కడ్డీలు, వైర్ రాడ్ చుట్టలు తోలే మూడు యాక్సిళ్ల ట్రైలర్ ఒకటి నా దగ్గర ఉంది. మూడు యాక్సిళ్లకూ కలిపి పన్నెండు టైర్లు, అన్నీ 10.00 ఆర్ 20 రేడియల్ టైర్లే. మొదటి రెండు యాక్సిళ్ల టైర్లు సమంగానే అరుగుతున్నాయి. మూడో యాక్సిల్‌లో ఎడమవైపు బయటి టైరు మాత్రం బయటి అంచున పూర్తిగా నున్నబడి పోతోంది. అదే టైరు లోపలి సగంలో ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల రబ్బరు) ఇంకా కొత్తదానిలాగే ఉంది. టైరు మార్చినా, కంపెనీ మార్చినా కొద్ది నెలల్లో మళ్లీ అదే జరుగుతోంది. టైర్లు అమ్మిన దుకాణం వారు ఇది తయారీ లోపం కాదని వారంటీ ఇవ్వలేదు. మాకు తెలిసిన మెకానిక్ ఒకరు టైరే మంచిది కాదంటున్నారు, మరొకరు డ్రైవరు మలుపులు సరిగా తిప్పడం లేదంటున్నారు.

దీనితోపాటు మొదటి యాక్సిల్ కుడివైపు జతలో అరచేయంత మేర ఒకేచోట నున్నటి మచ్చ కనిపిస్తోంది. ఈ రెండింటికీ కారణం ఒకటేనా, వేర్వేరా? ఊహలు కాకుండా, దేనిని ఎలా పరీక్షించి తెలుసుకోవాలో అనుభవమున్నవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఎన్‌హెచ్ 65
ఎడమ టైరును కుడివైపుకు, కుడి టైరును ఎడమవైపుకు మార్చి నడిపి చూడండి. అంచు అరగడం ఆగితే సమస్య తీరినట్లే.

చీమకుర్తి రాళ్లబండి
ముందు బరువు సంగతి చూడాలి. 2018లో కేంద్రం యాక్సిల్ బరువుల పరిమితి పెంచిన తరువాత ట్రైలర్ మూడు యాక్సిళ్ల మీద కలిపి 27 టన్నుల వరకు అనుమతి ఉంది. పన్నెండు టైర్లకు పంచితే ఒక్కో టైరు మీద 2,250 కిలోలు పడుతుంది. టైరు మీద 146/143 అని అచ్చు ఉంటే జతగా వాడినప్పుడు ఒక్కొక్కటి 2,725 కిలోలు మోయగలదని అర్థం కాబట్టి, చట్టం లోపల ఉన్నంతవరకు టైరుకు కొంత వెసులుబాటు మిగులుతుంది. మా ప్రాంతంలో గ్రానైట్ దిమ్మెలు ఎక్కించేటప్పుడు ఈ లెక్కను ఎవరూ పట్టించుకోరు. రెండు దిమ్మెలు వెనక్కి జరిపి పెట్టారంటే మొత్తం బరువు పరిమితిలోనే ఉన్నా చివరి యాక్సిల్ నలిగిపోతుంది. నేను చూసిన టైరు నష్టాల్లో ఎక్కువ భాగం అధిక బరువు వల్ల వచ్చినవే. వైర్ రాడ్ చుట్టలను కూడా వెనక్కి నెట్టి పేర్చడం నేను చూశాను.

కమాను మేస్త్రి
చీమకుర్తి వారు చెప్పినది బరువు విషయంలో నిజమే కానీ, ఈ సమస్యకు అది వర్తించదని నా అభిప్రాయం. బరువు ఎక్కువైతే యాక్సిల్ మధ్యలో కిందికి వంగుతుంది, రెండువైపులా చక్రాల పైభాగాలు లోపలికి వాలుతాయి, అప్పుడు రెండువైపులా లోపలి టైర్ల లోపలి అంచులు అరగాలి. ఇక్కడ ఎడమవైపు బయటి అంచు అరుగుతోంది. బరువు ఒక్కటే ఆ పని చేయలేదు.

విశాఖ వారు ముందుగా ఒక చిన్న పరీక్ష చేయాలి, దీనికి ఏ పనిముట్టూ అక్కరలేదు. మూడో యాక్సిల్ ఎడమ టైరు ట్రెడ్ మీద అరచేతిని ఆనించి, మొదట ఎడమ నుంచి కుడికి, తరువాత కుడి నుంచి ఎడమకు మెల్లగా జరపండి. ఒక దిశలో చేయి నున్నగా జారుతుంది, రెండో దిశలో ప్రతి రిబ్బు (రెండు గాడుల మధ్య ఉండే రబ్బరు పట్టీ) అంచు పదునుగా తగులుతుంది. ఆ పదునైన అంచు రిబ్బుకు ఎడమవైపున ఉందో కుడివైపున ఉందో సుద్దతో రాసుకోండి. ఆ తరువాత అదే యాక్సిల్ కుడివైపు టైర్లకు, ముఖ్యంగా ఎవరూ చూడని లోపలి టైరుకు కూడా ఇదే పరీక్ష చేయండి.

రెండువైపులా పదునైన అంచులు లోపలికి, అంటే ట్రైలర్ మధ్యకు చూస్తుంటే చక్రాలు ముందువైపు దగ్గరగా మూసుకున్నాయని అర్థం. రెండువైపులా బయటికి చూస్తుంటే అవి ముందువైపు విచ్చుకున్నాయని అర్థం. ఈ రెండింటికీ యాక్సిల్ గొట్టమైనా, దాని చివరలో చక్రం తిరిగే స్పిండిల్ అయినా వంగి ఉండాలి. ఎడమ టైర్లకూ కుడి టైర్లకూ పదును ఒకే దిక్కున, ఉదాహరణకు రెండింటికీ కుడివైపే ఉంటే మాత్రం యాక్సిల్ వంగలేదు, అది మొత్తంగా అడ్డం తిరిగి కూర్చుంది. పదును ఏ దిక్కున ఉంటే యాక్సిల్ ఆ దిక్కుకే చూస్తున్నట్లు. కుడికి చూస్తుంటే ఎడమ చివర ముందుకు వచ్చి ఉండాలి, లేదా కుడి చివర వెనక్కి పోయి ఉండాలి.

ఒక్క టైరును చూసి కారణం చెప్పడం కుదరదు. ఒక యాక్సిల్ మీది నాలుగు టైర్లనూ కలిపి చదవాలి.

విశాఖ ట్రైలర్
మేస్త్రి గారు చెప్పినట్లు చేశాను. ఎడమవైపు రెండు టైర్లకూ పదును కుడివైపే ఉంది. కుడివైపు బయటి టైరుకు పెద్దగా తెలియడం లేదు కానీ, లోపలి టైరుకు కూడా పదును కుడివైపే ఉంది. అంతేకాక దాని లోపలి అంచు బాగా అరిగి ఉంది. చక్రం విప్పకుండా పైపైన చూస్తే అది కనిపించదు. మరి అరుగుదల రెండువైపులా ఉన్నట్లే కదా?

సూర్యాపేట గాలిషాపు
రెండువైపులా ఉన్నట్లే. లోపలి టైరును ఎవరూ చూడరు, అందుకే ఎడమవైపు మాత్రమే కనిపించింది.

ఇక్కడ గాలి విషయం కూడా చెప్పాలి. మా దుకాణం దగ్గర ఆగే ట్రైలర్లలో బయటి టైరు గాలి సరిగా ఉండి, లోపలి టైరులో ఇరవై ముప్పై పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తక్కువగా ఉండటం మామూలు విషయం. వాల్వు చేతికి అందదు కాబట్టి డ్రైవర్లు రాడ్డుతో కొట్టి శబ్దం విని సరిపెట్టుకుంటారు. రాడ్డు దెబ్బ టైరు పూర్తిగా దిగిపోయిందో లేదో మాత్రమే చెబుతుంది, ఇరవై పీఎస్ఐ తేడాను అది చెప్పలేదు. లోపలి వాల్వుకు ఎక్స్‌టెన్షన్ వేయించి, ఉదయం బండి కదలక ముందు చల్లగా ఉన్నప్పుడు గేజీతో చూడటం ఒక్కటే మార్గం. నడిచి వచ్చిన టైరులో గాలి పది పదిహేను పీఎస్ఐ పెరిగి కనిపించడం సహజం. దానిని చూసి గాలి తీయించకూడదు. వేసవి మధ్యాహ్నం మా దగ్గరకు వచ్చి గాలి తీయమని పట్టుబట్టేవారు చాలామంది ఉంటారు, నేను తీయను.

జతలో రెండు టైర్ల ఎత్తు కూడా కలవాలి. ఒకటి కొత్తది, ఒకటి సగం అరిగినది వేస్తే వ్యాసంలో తేడా వస్తుంది. ఆ తేడా 6 మిల్లీమీటర్లు దాటకూడదని పెద్దలు పెట్టిన హద్దు. 6 మిల్లీమీటర్ల తేడా అంటే చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్లు. రెండూ ఒకే హబ్‌కు బిగించి ఉంటాయి కాబట్టి చిన్న టైరు ప్రతి చుట్టుకూ అంత మేర రోడ్డు మీద ఈడ్చబడుతుంది. 10.00 ఆర్ 20 టైరు కిలోమీటరుకు సుమారు మూడు వందల చుట్లు తిరుగుతుంది. లెక్క వేసుకోండి, కిలోమీటరుకు అయిదున్నర మీటర్లకు పైగా ఈడుపు. పెద్ద టైరు మీద బరువు ఎక్కువ పడి అది వేడెక్కుతుంది, చిన్నది మచ్చలు మచ్చలుగా అరుగుతుంది.

నైలాన్ బండి
రేడియల్ టైర్లతో ఈ గొడవలన్నీ ఉంటాయి. ట్రైలర్‌కు నైలాన్ టైర్లే వేయండి. సైడ్‌వాల్ గట్టిగా ఉంటుంది, ఇలాంటి అరుగుదల రాదు.

టైరు తనిఖీదారు
నైలాన్ బండి వారితో నేను ఏకీభవించలేను. క్వారీ దారుల్లో సైడ్‌వాల్ కోతలు తట్టుకోవడానికి నైలాన్ టైరుకు ఒక స్థానం ఉంది, కాదనను. అడ్డం తిరిగిన యాక్సిల్ మీద ఏ టైరు వేసినా పక్కకు ఈడ్చబడక తప్పదు. నైలాన్ టైరులో ట్రెడ్ మొత్తం కదులుతూ ఉంటుంది కాబట్టి అరుగుదల అంత స్పష్టమైన గుర్తులు వదలదు. రేడియల్ టైరు ఆ గుర్తును దాచకుండా చూపిస్తుంది. చూపించడం దాని దోషం కాదు.

ట్రైలర్ టైర్ల మీద కనిపించే ప్రతి గుర్తూ రోగం కాదని కూడా చెప్పాలి. ట్రైలర్ చక్రాలకు ఇంజను శక్తి అందదు, అవి కేవలం దొర్లుతాయి, అందువల్ల నెమ్మదిగా అరుగుతాయి. అలా నెమ్మదిగా అరిగే రేడియల్ టైర్లలో రిబ్బుల అంచుల వెంట సన్నని కాలువలాగా ఒక గీత చుట్టూ ఏర్పడుతుంది. అది చుట్టంతా ఒకే తీరుగా ఉంటే దాని కోసం ఏమీ చేయనక్కరలేదు. ఈ గీతను చూసి భయపడి మంచి టైరును తీసేసిన యజమానులు నాకు తెలుసు.

రెండు భుజాలూ అరిగి మధ్య భాగం నిలిచి ఉంటే గాలి తక్కువగా ఉన్నట్లు, మధ్య మాత్రమే అరిగితే మోసే బరువుకు మించి గాలి ఉన్నట్లు. చుట్టూ గుంటలు గుంటలుగా ఉంటే బేరింగ్ వదులు, బ్యాలెన్స్ లేకపోవడం, రిమ్ము సరిగా కూర్చోకపోవడం వంటివి చూడాలి. విశాఖ వారి మూడో యాక్సిల్‌లో ఇవేవీ లేవు. మేస్త్రి గారి మాటే సరైనదని నేను అనుకుంటున్నాను.

డాలస్ తెలుగు డ్రైవరు
నేను అమెరికాలో 53 అడుగుల ట్రైలర్లు నడుపుతాను. ఇక్కడ ఎక్కువగా వెనుక రెండు యాక్సిళ్లే ఉంటాయి, వాటిని ముందుకు వెనక్కి జరిపే ఏర్పాటు కూడా ఉంటుంది. ఇక్కడా ఇదే రోగం కనిపిస్తుంది. హైవే మీద వెనుక వస్తున్నవారికి ట్రైలర్ ఒకపక్కకు జరిగి నడుస్తున్నట్లు కనిపిస్తే, యాక్సిళ్లన్నీ కలిసి ఒకే దిక్కుకు తిరిగాయని అర్థం. విచిత్రం ఏమిటంటే, అన్నీ కలిసి తిరిగినప్పుడు ట్రైలర్ పక్కకు నడుస్తుంది కానీ టైర్లు అంతగా అరగవు. ఒక్కటి మాత్రమే తిరిగితే మిగిలినవి దానిని నేరుగా లాగుతాయి, అది మరోవైపు పోవాలని చూస్తుంది, ఆ పోరాటంలో దాని టైర్లు అరుగుతాయి. విశాఖ వారి ట్రైలర్ రోడ్డు మీద నేరుగానే నడుస్తూ ఉండవచ్చు, దానిని చూసి యాక్సిళ్లు బాగున్నాయని అనుకోకూడదు.

మూడు యాక్సిళ్ల ట్రైలర్ విషయంలో ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇరుకైన మలుపులో అది దాదాపు మధ్య యాక్సిల్ చుట్టూ తిరుగుతుంది, కాబట్టి మొదటి, చివరి యాక్సిళ్ల టైర్లు పక్కకు ఈడ్చబడతాయి. డ్రైవరు మలుపులు తిప్పడం గురించి మెకానిక్ అన్న మాటలో ఆ మేరకు నిజం ఉంది. అయితే దాని ప్రభావం మొదటి యాక్సిల్ మీద కూడా కనిపించాలి. ఇక్కడ మొదటి యాక్సిల్ సమంగా ఉంది.

విశాఖ ట్రైలర్
అలైన్‌మెంట్ చేసే కేంద్రానికి తీసుకువెళితే ట్రైలర్ యాక్సిళ్లకు తమ దగ్గర ఏర్పాటు లేదని చెప్పారు. మనమే కొలవడం సాధ్యమేనా?

కమాను మేస్త్రి
సాధ్యమే. ఒక ఉక్కు టేపు, తాపీ పనివారు వాడే తూకం గుండు, సుద్ద, ఇద్దరు మనుషులు చాలు. బట్ట టేపు వాడకండి, అది సాగుతుంది.

మట్టంగా ఉన్న సిమెంటు నేల మీద ఖాళీ ట్రైలర్‌ను కొంత దూరం నేరుగా ముందుకు లాగి, ట్రైలర్ బ్రేకులు పట్టకుండా ట్రాక్టర్ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) బ్రేకుతోనే మెల్లగా ఆపండి. వెనక్కి తోసి ఆపినా, బ్రేకు గట్టిగా పట్టి ఆపినా యాక్సిల్‌ను పట్టి ఉంచే కీళ్లలోని బుష్‌లు ఒకవైపుకు నొక్కుకొని కొలత తప్పుగా వస్తుంది. చక్రాలకు ముందూ వెనుకా చెక్కలు గట్టిగా పెట్టిన తరువాతే కాళ్లు దించి ట్రాక్టర్‌ను విడదీయండి. ట్రైలర్ కిందికి మనిషి వెళ్లే ముందు ఈ చెక్కలను రెండోసారి చూసుకోవాలి, ఇందులో తొందర పనికిరాదు.

కింగ్ పిన్ (ట్రైలర్‌ను ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను) మధ్య నుంచి తూకం గుండు దించి నేల మీద గుర్తు పెట్టండి. మొదటి యాక్సిల్ రెండు చివరల్లో హబ్ మూత మధ్య నుంచి కూడా గుండు దించి గుర్తులు పెట్టండి. కింగ్ పిన్ గుర్తు నుంచి ఎడమ గుర్తుకు, కుడి గుర్తుకు దూరాలు కొలవండి. వాటి మధ్య తేడా 3 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. రెండో యాక్సిల్, మూడో యాక్సిల్‌లను కింగ్ పిన్ నుంచి కొలవనక్కరలేదు. ముందున్న హబ్ మధ్య నుంచి వెనుక హబ్ మధ్యకు ఎడమవైపు ఒకసారి, కుడివైపు ఒకసారి కొలిస్తే చాలు. అక్కడ తేడా ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు.

కొలిచే ముందే కంటితో చూడవలసినవి కూడా ఉన్నాయి. యాక్సిల్‌ను కమాను పట్టీలకు బిగించే యూ బోల్టుల దగ్గర తుప్పు పొడి రాలి ఎర్రని చారలు ఉంటే అవి వదులైనట్లే. టార్క్ రాడ్ (యాక్సిల్ ముందుకు వెనక్కి జరగకుండా దానిని హ్యాంగర్‌కు, అంటే ఛాసిస్ కింది బ్రాకెట్‌కు కలిపే కడ్డీ) ఉన్న ట్రైలర్లలో రాడ్ బుష్‌లు, హ్యాంగర్ బోల్టు రంధ్రాలు చూడాలి. రాడ్ లేని రకాల్లో కమాను పట్టీల సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ సీటు మీద జారిపోతుంది, అక్కడ రంగు చెదిరి మెరిసే గీత కనిపిస్తుంది. పెద్ద గడ్డపారతో బుష్‌ను ఎత్తి చూస్తే ఆట ఎంత ఉందో తెలుస్తుంది.

ఎన్‌హెచ్ 65
ఇంత కష్టం ఎందుకు? టైర్లను వరుసగా మార్చుకుంటూ పోతే అన్నీ సమంగా అరిగిపోతాయి కదా. నేను అలాగే చేస్తాను.

టైరు తనిఖీదారు
టైర్లను మార్చుకుంటూ పోవడం వల్ల నష్టం పన్నెండు టైర్లకూ పంచబడుతుంది, తగ్గదు. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఆ టైరు ఏ స్థానంలో అరిగిందన్న ఆధారం పోతుంది. మూడో యాక్సిల్ మీద అరిగిన టైరు మొదటి యాక్సిల్‌కు వెళ్లిన తరువాత చూసినవారు మొదటి యాక్సిల్‌ను అనుమానిస్తారు. కొలతలు పూర్తయ్యేవరకు ఒక్క టైరునూ కదపవద్దు. ఏ స్థానంలో ఏ టైరు ఉంది, దాని వరుస సంఖ్య ఏమిటి, గాడి లోతు బయటి అంచున, మధ్యలో, లోపలి అంచున ఎంతెంత ఉంది అన్నది ఒక పుస్తకంలో రాయించండి. యజమానులకు నేను చెప్పే మొదటి మాట ఎప్పుడూ ఇదే.

చీమకుర్తి రాళ్లబండి
బరువు గురించి నేను అన్నది ఈ యాక్సిల్‌కు వర్తించదని ఒప్పించారు, సంతోషం. మా క్వారీ బండ్లలో వచ్చే మరో రకం నష్టాన్ని ఇక్కడ రాస్తాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. జత టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే అది రెండు సైడ్‌వాల్‌లనూ నమిలేస్తుంది. క్వారీ గేటు దాటిన వెంటనే బండి ఆపి, జతల మధ్య చూసి రాళ్లు తీయాలని మా డ్రైవర్లకు గట్టి నియమం పెట్టాను. గాడుల్లో ఇరుక్కున్న చిన్న రాళ్లు కూడా మెల్లగా లోపలికి తొలుచుకుంటూ పోయి ఉక్కు తీగల దాకా చేరతాయి. అక్కడ నీరు చేరితే తుప్పు పట్టి, ఆ టైరు రీట్రెడ్‌కు కూడా పనికిరాదు.

రాయి లేకుండానే రెండు సైడ్‌వాల్‌లు లోపలివైపు చుట్టూ నున్నగా మెరుస్తుంటే మాత్రం, ఆ రెండు టైర్లూ రోడ్డు దగ్గర ఒకదానితో ఒకటి రాసుకుంటున్నాయి. గాలి తక్కువగా ఉండటమో, వెడల్పు టైరుకు సరిపోని రిమ్ము వేయడమో దానికి కారణం.

సూర్యాపేట గాలిషాపు
సైడ్‌వాల్ మాట వచ్చింది కాబట్టి ప్రాణాలకు సంబంధించిన ఒక విషయం చెప్పి తీరాలి. ఉండవలసిన గాలిలో 80 శాతం కన్నా తక్కువతో నడిచిన రేడియల్ టైరును గాలి లేకుండా నడిచినదానిగానే లెక్కించాలి. 110 పీఎస్ఐ ఉండవలసిన టైరు 88 కన్నా దిగితే ఇది వర్తిస్తుంది. అలాంటి టైరు సైడ్‌వాల్‌లోని ఉక్కు తీగలు పదేపదే మడత పడి లోపల ఒక్కొక్కటిగా తెగి ఉంటాయి, బయటికి ఏమీ కనిపించదు. మళ్లీ గాలి నింపేటప్పుడు ఆ తీగలు వరుసగా తెగి, సైడ్‌వాల్ చైను విప్పినట్లు ఒక్కసారిగా చీలిపోతుంది. ఆ గాలి దెబ్బకు పక్కన నిలబడిన మనిషి బతకడం కష్టం.

కాబట్టి అటువంటి టైరును రిమ్ము నుంచి విప్పి లోపలా బయటా తడిమి చూడాలి. సైడ్‌వాల్‌లో అలలుగానీ, మెత్తదనంగానీ, రంగు మార్పుగానీ ఉంటే పక్కన పడేయాలి. బాగుందనిపించినా ఇనుప పంజరంలో పెట్టి, పొడవైన గొట్టంతో, దూరంగా నిలబడి గాలి నింపాలి. లాక్ రింగు రిమ్ములకు ఈ పంజరం మరీ అవసరం, రింగు సరిగా కూర్చోకపోతే అది ఎగిరి తగులుతుంది. దారి పక్కన దొరికిన కుర్రవాడి చేత తొందరగా గాలి కొట్టించి వెళ్లిపోదామని చూసే యజమానులకు ఇది విన్నపం: ఆ కుర్రవాడికీ ఒక ఇల్లు ఉంది.

విశాఖ ట్రైలర్
కొలతలు వచ్చాయి. కింగ్ పిన్ నుంచి మొదటి యాక్సిల్‌కు ఎడమ, కుడి దూరాల తేడా 2 మిల్లీమీటర్లు. మొదటి యాక్సిల్ నుంచి రెండో యాక్సిల్‌కు తేడా 1 మిల్లీమీటరు. రెండో యాక్సిల్ నుంచి మూడో యాక్సిల్‌కు ఎడమవైపు 1,360 మిల్లీమీటర్లు, కుడివైపు 1,372 మిల్లీమీటర్లు. అంటే మూడో యాక్సిల్ కుడి చివర 12 మిల్లీమీటర్లు వెనక్కి పోయింది.

కుడివైపు టార్క్ రాడ్‌ను గడ్డపారతో ఎత్తి చూస్తే రెండు చివరల్లోనూ బుష్‌లలో ఆట స్పష్టంగా ఉంది. ముందు చివర హ్యాంగర్‌లో బోల్టు రంధ్రం గుండ్రంగా లేదు, పొడవుగా సాగిపోయింది. ఎడమవైపు రాడ్ మాత్రం గట్టిగానే ఉంది. నష్టం కనిపించినది ఎడమ టైరులో, లోపం ఉన్నది కుడి రాడ్‌లో అని తేలింది. ఎడమవైపు టైర్లు ఎన్ని మార్చినా లాభం లేకపోవడానికి కారణం ఇప్పుడు అర్థమైంది.

కమాను మేస్త్రి
మీ టైర్ల మీది పదును చెప్పినదీ సరిగ్గా ఇదే. కుడి చివర వెనక్కి పోతే యాక్సిల్ కుడికి చూస్తుంది, ఎడమ టైరు బయటి అంచు, కుడి లోపలి టైరు లోపలి అంచు అరుగుతాయి. బ్రేకు పట్టిన ప్రతిసారీ రోడ్డు చక్రాలను వెనక్కి లాగుతుంది, ఆ లాగుడంతా టార్క్ రాడ్ మీద పడుతుంది, బుష్ అరిగిన వైపు యాక్సిల్ వెనక్కి జారుతుంది.

హబ్ నుంచి హబ్‌కు వెడల్పు సుమారు 2.4 మీటర్లు. దాని మీద 12 మిల్లీమీటర్ల తేడా అంటే మీటరుకు 5 మిల్లీమీటర్లు. లెక్క ప్రకారం ఆ టైరు కిలోమీటరుకు 5 మీటర్లు పక్కకు ఈడ్చబడుతోంది. విశాఖ నుంచి హైదరాబాద్ సుమారు 620 కిలోమీటర్లు కదా, ఒక్క ప్రయాణంలో మూడు కిలోమీటర్ల పక్క ఈడుపు. ఏ కంపెనీ టైరు తట్టుకుంటుంది?

మరమ్మతు విషయంలో రెండు జాగ్రత్తలు చెబుతాను. బుష్‌లు కుడివైపు మాత్రమే మార్చి ఊరుకోకండి, ఆ యాక్సిల్‌కు రెండువైపులా ఒకే రకం బుష్‌లు వేయించండి. సాగిన రంధ్రానికి పెద్ద బోల్టు వేసి సరిపెట్టకండి. హ్యాంగర్ చెవిని మార్పించడమో, గట్టి పలక వేసి సరైన కొలతకు మళ్లీ రంధ్రం చేయించడమో చేయాలి. ఆ తరువాత పొడవు సర్దే రాడ్‌ను తిప్పి, రెండువైపులా దూరాలు కలిసిన తరువాతే బిగింపు బోల్టులు బిగించాలి. యూ బోల్టులను కొద్ది దూరం బరువుతో నడిచిన తరువాత మరోసారి టార్క్ రెంచితో బిగించాలి. సరిచేయాలని యాక్సిల్ గొట్టాన్ని వేడి చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, వేడికి ఉక్కు బలం పోతుంది.

బ్రేక్ లైన్
మొదటి యాక్సిల్ మచ్చ గురించి ఎవరూ రాయలేదు. ఒకేచోట ఒకే మచ్చ ఉంటే చక్రం తిరగకుండా జారిన గుర్తు అది. ముందుగా జతలో రెండో టైరును చూడండి. రెండు టైర్లకూ ఒకే స్థానంలో మచ్చ ఉంటే బ్రేకు పట్టేసి చక్రం ఆగిపోయింది. ఒక్క టైరుకే ఉంటే బ్రేకు కారణం కాదు, ఆ టైరు లోపల పొరలు విడిపోయి ఉండవచ్చు, లేదా గాలిషాపు వారు చెప్పిన ఎత్తు తేడా కావచ్చు.

బ్రేకు కారణమైతే చూడవలసినవి ఇవి. ఖాళీ ట్రైలర్‌కు చక్రాల మీద పెద్దగా బరువు ఉండదు, బ్రేకు అదే బలంతో పడితే చక్రం ఆగిపోతుంది. బరువును బట్టి బ్రేకు గాలిని తగ్గించే వాల్వు పనిచేస్తోందా? ఏబీఎస్ (బ్రేకు పట్టినప్పుడు చక్రం ఆగిపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే దాని కేబుల్‌ను ట్రాక్టర్‌కు తగిలిస్తున్నారా, లేక పక్కకు కట్టి వదిలేశారా? బ్రేకు కామ్ షాఫ్ట్‌ను తిప్పే స్లాక్ అడ్జస్టర్లు రెండువైపులా సమానంగా కదులుతున్నాయా? బండి కదిలేటప్పుడు గాలి పూర్తిగా నిండక ముందే లాగితే పార్కింగ్ బ్రేకు స్ప్రింగు ఇంకా పట్టి ఉంటుంది, అప్పుడు కూడా చక్రం ఈడ్చబడుతుంది. కొంతదూరం నడిపి ఆపి డ్రమ్ముల వేడిని దూరం నుంచి కొలిచే థర్మామీటరుతో చూడండి. ఒక డ్రమ్ము మాత్రమే మిగిలినవాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. సాలూరు ఘాట్ వంటి దిగుడుల్లో ఆ వేడి రిమ్ముకు పాకి బీడ్‌ను (రిమ్ము మీద కూర్చునే టైరు అంచును) కాల్చేస్తుంది, ట్యూబు ఫ్లాపుకు అంటుకుపోతుంది.

విశాఖ ట్రైలర్
మచ్చ రెండు టైర్లకూ ఒకేచోట ఉంది. కుడివైపు మొదటి డ్రమ్ము మిగిలినవాటికన్నా వేడిగా ఉంది. విప్పి చూస్తే బ్రేకు షూలను విడదీసే కామ్ షాఫ్ట్ బుష్‌లో గ్రీజు ఎండిపోయి, షాఫ్ట్ బిగుసుకొని, బ్రేకు వదిలినా వెనక్కి రావడం లేదు. రెండు లోపాలూ వేర్వేరే అని తేలింది. షాఫ్ట్ శుభ్రం చేయించి బుష్ మార్పించాము. మూడో యాక్సిల్‌కు రెండువైపులా టార్క్ రాడ్ బుష్‌లు, కుడి హ్యాంగర్ చెవి మార్చి, రాడ్ సర్దిన తరువాత రెండువైపులా 1,360, 1,361 వచ్చింది. ఎడమ బయటి టైరును తీసి, లోతు కలిసిన జత వేశాను. అన్ని టైర్ల లోతులూ పుస్తకంలో రాయించాను. పక్క నెలలో మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను.

తాడిపత్రి బల్కర్
ఈ చర్చ చదివి మా సిమెంటు బల్కర్‌కు చేతి పరీక్ష చేశాను. మధ్య యాక్సిల్‌లో రెండువైపులా లోపలి టైర్ల లోపలి అంచులు అరుగుతున్నాయి. రిబ్బులకు పదును ఏ దిక్కునా లేదు, నున్నగానే ఉంది. హబ్ నుంచి హబ్‌కు దూరాలు కలుస్తున్నాయి. ఇది అధిక బరువు వల్ల వస్తుందని మేస్త్రి గారు మొదట చెప్పిన వంపేనా?

కమాను మేస్త్రి
లక్షణాలు అలాగే ఉన్నాయి. పదును లేకుండా, రెండువైపులా లోపలి అంచు నున్నగా అరిగితే చక్రాలు పైన లోపలికి వాలుతున్నాయని అనుమానించాలి. యాక్సిల్ గొట్టాలను చాలావరకు మధ్యలో కొద్దిగా పైకి ఉబ్బెత్తుగా చేస్తారు, బరువు పడినప్పుడు నేరుగా రావాలని. ఆ ఉబ్బెత్తు పోయి ఉంటే బరువు పడినప్పుడు కిందికి వంగుతుంది. ఖాళీగా ఒకసారి, నిండుగా ఒకసారి కొలవండి. చక్రం అంచుకు పైన, కింద తూకం దారం నుంచి దూరం చూస్తే వాలు ఎంతో తెలుస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడే చక్రాలు లోపలికి వాలి ఉంటే యాక్సిల్ శాశ్వతంగా వంగిపోయింది, మార్చవలసిందే. నిండుగా ఉన్నప్పుడు మాత్రమే వాలితే, ఆ యాక్సిల్ మీద తన వంతుకన్నా ఎక్కువ బరువు పడుతోందేమో చూడాలి. కమాను పట్టీల మధ్య ఉండే బ్యాలెన్సర్ పిన్ను బిగుసుకొని కదలకపోతే మూడు యాక్సిళ్లకు బరువు సమంగా పంచబడదు.

చీమకుర్తి రాళ్లబండి
బల్కర్ వారు బ్యాలెన్సర్‌ను తప్పకుండా చూడాలి. మా బండి ఒకదానిలో ఆ పిన్ను గ్రీజు లేక బిగుసుకుపోయి, మధ్య యాక్సిల్ ఒక్కటే మోసేది. ప్రతి యాక్సిల్‌ను విడిగా తూచే కాటా దగ్గరలో ఉంటే ఒకసారి తూయించండి, వెంటనే తెలిసిపోతుంది.

తాడిపత్రి బల్కర్
యాక్సిల్ కాటా ఉన్నచోట రేపు లోడుతో తూయించి, మూడు యాక్సిళ్ల బరువులూ, ఖాళీగా నిండుగా తీసిన వాలు కొలతలూ ఇక్కడ పెడతాను.